మా ఆయన స్తంభం ఎక్కిన వానాకాలం

ఆ ఏడు వానలు మొదలైన వారానికే మా ఆయన మెట్లు దిగి పరువు పోగొట్టుకున్నారు.

మెట్లు దిగితే పరువెందుకు పోతుందని మీకు అనిపించవచ్చు. మా ఆయన ఇరవై ఆరేళ్ళుగా అగ్నిమాపక దళంలో పనిచేస్తున్నారు. వాళ్ళ స్టేషన్లో పడకలు పై అంతస్తులో, బండి కింద. గంట మోగగానే నేలలో గుండ్రంగా కోసిన కంతలోంచి ఇత్తడి స్తంభం పట్టుకుని జర్రున జారి బండి పక్కన వాలాలి. మెట్లు ఊడ్చేవాళ్ళకీ, టీ తెచ్చేవాళ్ళకీ. ఇంకో పద్ధతి కూడా ఉంది వాళ్ళకి. ముందు దిగినవాళ్ళది తలుపు పక్క సీటు. తలుపు పక్కన కూర్చున్నవాళ్ళే గొట్టం పట్టుకుని ముందుగా మంటలోకి వెళ్ళాలి. ఈ మాట ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పింది లేదు. ఇన్నేళ్ళలో సగం సార్లు మా ఆయన ముందు దిగితే, మిగతా సగం పొడుగోడు దిగేవాడు.

పొడుగోడు ఆయన నేస్తం. ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. మా గుమ్మంలోంచి తల వంచకుండా ఎప్పుడూ లోపలికి రాలేదు, వచ్చిన ప్రతిసారీ "ఈ గుమ్మం ఎత్తు పెంచమ్మా చెల్లాయ్" అని నన్ను వేపుకు తినేవాడు. ఎండాకాలం చివర్లో పరుపుల గోదాం ఒకటి అంటుకుంది. గంట మోగినప్పుడు మా ఆయన కంత పక్కన వంగి బూటు సర్దుకుంటూ "నువ్వు దిగరా ముందు" అన్నారట. పొడుగోడు దిగాడు. తలుపు పక్కన కూర్చున్నాడు. గొట్టం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. పైకప్పు కూలింది. మా ఆయన మూడడుగుల వెనక ఉన్నారు.

ఆ తర్వాత గంట మోగినప్పుడు ఆయన కంత దాకా వెళ్ళారు, చేయి చాచారు, వేళ్ళు ముడుచుకోలేదు. మెట్ల మీంచి దిగి వచ్చేసరికి బండి ఆయన కోసం ఆగి ఉంది. అలా మూడుసార్లు అయింది. మంట దగ్గరికి వెళ్ళే బండి మనిషి కోసం ఆగకూడదు కదా. స్టేషన్ ఆఫీసరు మంచివాడు. పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"మూడు నెలలు సెలవు తీసుకో. తర్వాత వచ్చి నా ఎదురుగా ఒక్కసారి దిగి చూపించు. దిగితే బండి నీది. లేదంటే సామాన్ల గది చూసుకుందువుగాని. అదీ మన ఉద్యోగమే."

సామాన్ల గది అంటే బూట్లు, గొట్టాలు, హెల్మెట్లు సర్దే గది. అందులో తప్పేమీ లేదు. మా ఆయనకి మాత్రం బతికుండగానే గూట్లో పెట్టినట్టు.

మా ఇంటి ముందు గదిలోనే నా కొట్టు. కొత్త బట్టలు కుట్టను. ఉన్నవాటిని బిగించడం, వదులు చేయడం, మడత వేయడం, జిప్పులు మార్చడం. మెషిను ముందు కూర్చుంటే వంటగది కనిపిస్తుంది. వంటగదిలో మా ఆయన కనిపించేవారు, పొద్దున్నుంచీ కొళాయిని రుద్దుతూ.

"ఏమండీ, అది ఎప్పుడో అద్దమైంది. ఇంకా రుద్దితే అరిగి నీళ్ళు కారతాయి."

"మరక ఉందే."

"ఏదీ?"

ఆయన వేలు పెట్టి చూపించారు. అక్కడ ఏమీ లేదు. నా నోరు మంచిది కాదని మా వీధి మొత్తానికి తెలుసు, కానీ ఆ వేలు చూశాక అది కూడా మూతపడింది.

ఇప్పుడు మా కోడలి గురించి చెప్పాలి. మా అబ్బాయి బస్సు డ్రైవరు. వాళ్ళు రెండు వీధుల అవతల ఉంటారు. కోడలు పాత తివాచీల కొట్టు పైన హాలు తీసుకుని ఆడవాళ్ళకి పోల్ డాన్సు నేర్పుతుంది. నేల నుంచి కప్పు దాకా బిగించిన స్టీలు పోల్ మీద ఎక్కడం, తిరగడం, తలకిందులుగా వేలాడటం. ఆ పోల్ డాన్సు అనే మాట నా నోటి వెంట ఎప్పుడూ రానివ్వలేదు. "మీ కోడలు ఏం చేస్తుంది?" అని ఎవరైనా అడిగితే "వ్యాయామం చెబుతుంది" అని సూదిలోకి దారం ఎక్కించడం మొదలుపెట్టేదాన్ని. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పెళ్ళైన రెండో ఏట ఐదో నెలలో ఆమెకి కడుపు పోయింది. అది జరిగిన ఆర్నెల్లకి, ఆమె ఆ క్లాసులకి వెళుతోందని తెలిసి, "గొట్టాలకి కోతిలా వేలాడితే కడుపు నిలుస్తుందా" అని మా అబ్బాయితో అన్నాను. తలుపు అవతల ఆ పిల్ల ఉంది. ఉందని తెలిసే అన్నాను.

అయినా ఆమె ఆ వానలో మా ఇంటికి వచ్చింది. గొడుగు బయట దులిపి, తిన్నగా వంటగదిలోకి వెళ్ళింది.

"మామయ్యగారూ, ఒక పోల్‌ని కప్పుకి బిగించిన పళ్ళెం కిర్రుమంటోంది. ఎవరైనా పడతారేమోనని భయంగా ఉంది. ఒకసారి చూస్తారా?"

పడతారన్న మాట వింటే ఆయన ఊరుకోలేరు. స్పానర్ల సంచి అందుకున్నారు. దారిలో వెనక్కి తిరిగొచ్చేస్తారేమోనని నేను కూడా కొట్టు మూసి వెంట వెళ్ళాను.

అంతవరకూ నేను ఆ హాల్లో అడుగు పెట్టలేదు. ఏవో రంగు దీపాలుంటాయని ఊహించుకున్నాను. గోడకి ఒక పెద్ద అద్దం, కిటికీ దగ్గర తడి గొడుగులు, మూల నాలుగు పరుపులు, నాలుగు పోల్స్, అంతే ఉంది. ఆయన నిచ్చెన ఎక్కి బోల్టులన్నీ బిగించారు. దిగి, చేతికి గుడ్డ చుట్టుకుని, ఆ గుడ్డతో పోల్‌ని అటూ ఇటూ కదిపి చూశారు.

"గుడ్డెందుకు మామయ్యగారూ? చేత్తో పట్టుకుని ఊపండి."

"అక్కర్లేదమ్మా. గట్టిగానే ఉంది. రేపు పొద్దున్నే వచ్చి ఇంకోసారి బిగిస్తాను. తాళంచెవి ఇచ్చి వెళ్ళు."

కోడలు ఆయన చేతికున్న గుడ్డ వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసింది. తాళంచెవి ఇచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి ఎనిమిదింటికి తిరిగొచ్చారు. మొహంలో కళ ఉంది. ఎన్నాళ్ళకో! రెండు గుడ్లు తిన్నారు, మూడోది కావాలన్నారు. "కోడలికి చిన్న సాయం చేసి వచ్చాను" అన్నారు. నేను పొంగిపోయి ఏం సాయమని కూడా అడగలేదు. పదింటికి ఫోను వచ్చింది.

"అత్తయ్యా, మామయ్యగారు పోల్స్‌కి ఏమైనా రాశారా?"

రాశారు. స్టేషన్లో ప్రతి శుక్రవారం స్తంభానికి పాలిష్ పెట్టి, చివర్లో మైనం రుద్ది మెరిపించేది మా ఆయనే. స్తంభం ఎంత నున్నగా ఉంటే అంత త్వరగా బండి దగ్గర ఉంటారు. కోడలి పోల్స్ మరీ మసగ్గా ఉన్నాయని జాలిపడి, నాలుగింటికీ పాలిష్ పెట్టి, మైనం రుద్ది వచ్చారు. జారే పనికి పాతికేళ్ళు సేవ చేసిన మనిషికి, జారకుండా పట్టుకునే పని కూడా ఒకటుంటుందని ఎలా తడుతుంది?

మేం వెళ్ళేసరికి కోడలి దగ్గర నేర్చుకునే లెక్కల టీచరు ఒకావిడ పరుపు మీద బోర్లా పడుకుని ఉంది. నడుము కింది భాగం మీద ఐసు మూట. పైకి ఎక్కి కాళ్ళు మడిచిందట, మడిచిన కాళ్ళతోనే కింద కూలబడిందట. కోడలికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇది దిగే స్తంభం కాదు మామయ్యగారూ! చర్మం పట్టుకుంటేనే మనిషి పైన ఉంటుంది. ఆవిడ తల కిందికి వేలాడి ఉంటే ఏమయ్యేది?"

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "దెబ్బ గట్టిగా తగిలిందా అమ్మా?" అని టీచరుని అడిగారు.

"కూర్చునే చోట తగిలింది అన్నయ్యగారూ. వారం పాటు నిలబడే పాఠం చెబుతాను. పిల్లలకి భయం పెరుగుతుంది" అని ఆవిడ పరుపులోకి నవ్వింది. అందరం నవ్వాం. ఆయన మాత్రం గొడుగు తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయారు.

రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నం పెడితే తిన్నారు, పిలిస్తే పలికారు. అసలే గోరుచుట్టు, దాని మీద రోకటి పోటు. ఒకటే మాట అన్నారు. "నేను ముట్టుకున్నదల్లా ఎవరి మీదో పడుతోందే." నేను మెషిను దగ్గరికి వచ్చి, కుట్టాల్సిన చోట కాకుండా ఇంకోచోట కుట్టి, అది విప్పుకుంటూ కూర్చున్నాను.

మూడోరోజు లెక్కల టీచరు చంకలో దిండు పెట్టుకుని మా కొట్టుకి వచ్చింది. దిండు కుర్చీలో వేసి, దాని మీద ఆచితూచి కూర్చుని, లోపలి గదికి వినపడేలా గొంతు పెంచింది.

"అన్నయ్యగారూ, మూడు రోజులుగా మాకు క్లాసు లేదు. ఆ మైనం ఎంత తుడిచినా పోవడం లేదు. పూసినవాళ్ళే వచ్చి తీయాలంటోంది మీ కోడలు."

దిండు సర్దుకుని మళ్ళీ అడిగింది.

"ఇంతకీ మా మీద కోపంతో పూశారా, ప్రేమతో పూశారా?"

లోపలి గదిలోంచి ఆయన గొంతు వినిపించింది. "మెరవాలనమ్మా."

"మెరిశాయండీ! జారి పడుతూ కూడా నా మొహం నాకు కనిపించింది."

లోపల మంచం కిర్రుమంది. నవ్వారో, లేచారో. రెండూ చేశారు.

స్పిరిటు సీసాలు, పాత గుడ్డలు పట్టుకుని వెళ్ళాం. నా కొట్టులో పాత గుడ్డలకి కరువా! ఆయన ఒక్కో పోల్‌ని పై నుంచి కింద దాకా తుడిచారు. రెండు గంటలు పట్టింది. కోడలు కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది.

"పోయిందా మామయ్యగారూ?"

"పోయిందమ్మా."

"ఎలా తెలుసు?"

"కనిపిస్తోందిగా."

"మొన్న కూడా చూడ్డానికి బాగానే ఉంది. పట్టుకుని వేలాడి చూస్తేగాని తెలీదు." ఆమె గొంతు మెత్తగా లేదు. "నేను చూడను. టీచరుగారు చూడరు. పూసింది మీరు, మీరే చూడండి."

నేను అడ్డం వెళ్ళబోయాను. కోడలు నా వైపు తిరగకుండానే చేయి అడ్డం పెట్టింది. అత్తని ఆపే కోడలు ఉంటుందా అని ఇంకో రోజైతే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆగిపోయాను.

ఆయన అరచేయి చొక్కాకి తుడుచుకున్నారు. చాచారు. దింపారు. మళ్ళీ తుడుచుకున్నారు. బయట వాన కురుస్తూనే ఉంది. ఈసారి వేళ్ళు పోల్‌ని తాకాయి, తాకి, ఒకటొకటిగా ముడుచుకున్నాయి.

"ఇక్కడ ఇంకా కొంచెం ఉంది" అన్నారు. గుడ్డ తీసుకుని ఆ చోటు రుద్దారు. మళ్ళీ పట్టుకున్నారు. రెండో చేయి కూడా వేశారు. కాళ్ళు నేల నుంచి జానెడు లేచాయి.

అలా నాలుగు పోల్సూ చూశారు. చివరిదాని దగ్గర కోడలు అంది, "రేపు పొద్దున్న ఆరింటికి రండి మామయ్యగారూ. నిక్కరు వేసుకుని."

ఆ నిక్కరు కొలత చెప్పడానికి సాయంత్రం ఆమే మా కొట్టుకి వచ్చింది. నేను ఆయన పాత యూనిఫాం ప్యాంటు ఒకటి టేబుల్ మీద పరిచాను.

"ఇంకా పైకి కత్తిరించాలి అత్తయ్యా. తొడ, మోకాలి వెనక, అంతా తగలాలి. గుడ్డ జారుతుంది, చర్మమే పట్టుకుంటుంది."

"యాభై ఒకటో ఏట ఆడవాళ్ళ మధ్య తొడలు చూపించుకుంటూ! సిగ్గుండదా?"

"మొదటి పావుగంట ఉంటుంది. తర్వాత నొప్పి మొదలవుతుంది. నొప్పి వచ్చాక సిగ్గు ఎవరికి గుర్తుంటుంది?"

సుద్దతో గీత గీశాను. "దీనివల్ల ఆయనకి నయమవుతుందంటావా?"

"తెలీదు. నాకు అయింది."

"నీకేమైందని?" అడిగేశాక నాలుక కరుచుకున్నాను.

ఆమె ప్యాంటు కాలు నిదానంగా మడత పెట్టింది. "బిడ్డ పోయాక నా ఒంటి మీద నాకే కోపం అత్తయ్యా. పనికిమాలిన ఒళ్ళు అనిపించేది. స్నానం చేసేటప్పుడు కూడా చూసుకునేదాన్ని కాదు. రెండు నెలలయ్యాక ఒక స్నేహితురాలు బలవంతంగా క్లాసుకి తీసుకెళ్ళింది. మొదటిరోజు అయిదు అంకెలు లెక్కపెట్టేవరకూ వేలాడాను. అయిదంకెలు! ఈ ఒళ్ళే నన్ను మోసింది. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను."

"బిడ్డ పోయాక మొదలుపెట్టావా?"

"అంతకు ముందు నేను పోల్ ముట్టుకోను కూడా లేదు."

కత్తెర చేతిలో అలాగే ఉండిపోయింది. మూడేళ్ళుగా నా దగ్గర ఒక తీర్పు ఉంది. తారీఖులు ఒక్కసారి కూడా చూసుకోకుండా రాసుకున్న తీర్పు.

"నేనప్పుడు ఒక మాట అన్నాను."

"విన్నాను."

"నువ్వు వింటావనే అన్నాను."

"అదీ తెలుసు."

"తప్పు చేశాను అమ్మాయీ. చాలా పెద్ద తప్పు." సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. ఆమె వెంటనే పరవాలేదు అనలేదు. ఆ అనకపోవడమే నాకు నచ్చింది. ఆమె సుద్ద తీసుకుని, నా గీతకి రెండంగుళాల పైన ఇంకో గీత గీసింది.

"ఇక్కడికి కత్తిరించండి అత్తయ్యా."

ఆ మర్నాటి నుంచి ఆయన వారానికి నాలుగు రోజులు వెళ్ళారు. క్లాసులో ఆయన కాక ముగ్గురు. కోడలు ముందే అడిగి, అందరూ సరేనన్నాకే రమ్మందట. లెక్కల టీచరు, పోస్టావిడ, బ్యాంకులో పనిచేసే ఒక పిల్ల. పోస్టావిడ సంచి మోసీ మోసీ ఒక భుజం వాలిపోయిన మనిషి, గొంతు మాత్రం మైకు మింగినట్టు ఉంటుంది. అంకెలు లెక్కపెట్టే పని ఆవిడది. ఆవిడ పది లెక్కపెడితే కింద తివాచీల కొట్టువాడు పదకొండు అనేవాడు.

ఉదయాలు నా కొట్టుకి పని తక్కువ. రోజూ వెళ్ళి మూల కూర్చుని, చేతిలో ఏదో ఒక బొత్తాం పని పెట్టుకుని చూసేదాన్ని. ఒకసారి నిజం చెప్పేస్తాను: అంత అందమైన పని నేను నా జన్మలో చూడలేదు. వాలిపోయిన భుజం పోస్టావిడ పైకెక్కి, మోకాలి మడతతో పోల్‌ని బిగించి, చేతులు రెండూ విడిచి వెనక్కి వాలితే, ఆ భుజం ఏదో మీరు చెప్పలేరు. లెక్కల టీచరు కళ్ళు మూసుకుని తిరిగేది. దిగాక ప్రతి ఒక్కరి కాళ్ళ మీద కమిలిన మచ్చలు. వాటిని ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయేవారు. వీళ్ళ గురించా నేను మాట దాటేసి దారం ఎక్కించుకుంటూ కూర్చున్నది అనుకున్నాను.

మా ఆయనకి దిగడం పుట్టుకతో వచ్చినట్టు వచ్చు. ఎక్కడమే రాదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన స్తంభం ఎక్కిన పాపాన పోలేదు, మెట్లెక్కి పైకి వెళ్ళడం, జారి కిందికి రావడం. కోడలు దిగనివ్వలేదు.

"ముందు ఎక్కండి. ఎక్కింది మీ సొంతమైతే దిగడం కూడా మీ సొంతమే."

పాదం ముందు నుంచి చుట్టి, మోకాలితో వెనక నుంచి నొక్కి, చేతులతో ఒళ్ళంతా పైకి లాగాలి. మొదటి వారం రెండడుగులు. మూడో వారం తల ఎత్తు. తొడలు నేరేడు పండు రంగులోకి తిరిగాయి. నేను మందు రాస్తుంటే అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా కేకలు పెట్టేవారు. నాకు ఆ కేకలు ఎంత హాయిగా ఉండేవో! నొప్పి ఉన్నచోట చెప్పుకోవడం ఆయన మొదలుపెట్టారు మరి.

ఏడో వారంలో కప్పు దాకా వెళ్ళారు. పోస్టావిడ "పది!" అని అరిచింది. కింద నుంచి "పదకొండు!" వినిపించింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన దిగలేదు. పైపళ్ళేన్ని చూస్తూ అక్కడే ఉండిపోయారు.

"మామయ్యగారూ?"

"ఆ రోజు నా బూటు బాగానే ఉందమ్మా" అన్నారు పై నుంచి. గొంతు మామూలుగానే ఉంది. "భయమేసింది. ఎందుకో తెలీదు. ఇన్నేళ్ళలో ఆ ఒక్కసారే. వాడికి చెప్పడానికి నామోషీ అనిపించి, ఊరికే వంగి బూటు పట్టుకున్నాను."

చప్పట్లు ఎప్పుడు ఆగాయో తెలీదు. నా చేతిలో సూది వేల్లోకి దిగింది. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఈ మాట నేను అందరితోపాటు నేల మీద కూర్చుని విన్నాను.

ఎవరైనా ఏం చెబుతారు? నీ తప్పేం లేదనా? అది మేం అందరం నెలన్నరగా చెబుతూనే ఉన్నాం, ఆయన ఒక్కసారీ వినలేదు. కోడలు ఆ మాట అనలేదు.

"చేతులు లాగుతున్నాయా?"

"లాగుతున్నాయి."

"అయితే తొడలు బిగించి చేతులు వదిలేయండి. నేను కిందే ఉన్నాను. పడరు."

ఆయన ఒక చేయి వదిలారు. రెండోది వదిలారు. రెండు చేతులూ ఊరికే పక్కలకి వేలాడాయి. అలా గాల్లో కూర్చుని, యాభై ఒక్కేళ్ళ మనిషి, గుక్క పట్టి ఏడ్చారు. పోస్టావిడ మెల్లగా, అంత మెల్లగా ఆవిడ మాట్లాడగలదని నాకు తెలీదు, ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై మూడు దాకా వెళ్ళింది. తివాచీల కొట్టువాడు ఏమీ అనలేదు.

మర్నాడు పొడుగోడి భార్య దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పి వచ్చారు. ఆమె ఏమందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. వాన పెద్దదైతే పొడుగోడి గొడుగు ఇచ్చి పంపిందట. ఆ పెద్ద నల్ల గొడుగు కింద ఆయన మా వీధి మలుపు తిరిగి వస్తుంటే, నేను కొట్టు గుమ్మంలో నిలబడి చూశాను.

వానలు వెనకబట్టిన వారంలో గడువు తీరింది. పరీక్షకి ఇంటివాళ్ళు రాకూడదన్న నియమం లేదని ఆయనే ఆఫీసర్ని అడిగి తెలుసుకుని, నన్నూ కోడల్నీ తీసుకెళ్ళారు. బండి నిలిపే చోట గోడ వారగా మమ్మల్ని నిలబెట్టారు. ఎర్రటి బండి, గోడకి వరసగా కోట్లు, మధ్యలో ఆ ఇత్తడి స్తంభం. ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళారు. ఆఫీసరు కాగితం, పెన్ను, ఈల పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. నేను కోడలి మణికట్టు ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటీ సడలించింది.

ఆఫీసరు ఈల నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడే గంట మోగింది.

నిజం గంట. పైన పరుగుల చప్పుడు. ఆఫీసరు ఈల జారిపోయి మెడకి వేలాడింది. నేను కంత వైపు చూశాను. నల్ల బూట్లు రెండు కనిపించాయి, వాటి పైన మోకాళ్ళు, ఆపైన మా ఆయన. ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. ఆయన కాళ్ళు నేలకి తాకేసరికి పైన రెండో మనిషి ఇంకా కంత దగ్గరకే వచ్చాడు. కోటు అందుకున్నారు. మా వైపు చూడను కూడా లేదు. పని ఉన్న మనిషి ఎందుకు చూస్తాడు? తిన్నగా వెళ్ళి తలుపు పక్క సీట్లో కూర్చున్నారు. బండి గేటు దాటి, సైరను వీధి చివర పలచబడి, ఆగిపోయింది.

ఆఫీసరు ఖాళీ కాగితం చూసుకున్నాడు. "ఈల వేయనే లేదు. ఇందులో ఏం రాయమంటారు?"

"దిగారని రాయండి సార్" అంది కోడలు.

ఆఫీసరు నవ్వి, రాసుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఎవరో స్టవ్ మీద గిన్నె పెట్టి మరచిపోయారట, వంటగది కొంచెం నల్లబడిందట, అంతే. నలభై నిమిషాల్లో అందరూ తిరిగొచ్చారు. కానీ ఆ నలభై నిమిషాలూ ఆ సంగతి నాకు తెలీదు కదా. బండి వెళ్ళిపోయిన ఆ ఖాళీలో నిలబడి, మూడు నెలలుగా నేను కోరుకున్నదేమిటో అప్పుడు అర్థమైంది. మా ఆయన ముందు దిగాలని కోరుకున్నాను. ముందు దిగినవాళ్ళు ఎక్కడికి వెళతారో నాకు తెలుసు. తెలిసి తెలిసి కోరుకున్నాను.

ఎదురుగా ఉన్నది ఆ స్తంభమే. వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నాను. దాని మీద ఆయన చేతుల వేడి ఇంకా ఉంది. పొడుగోడు పోయిన రోజు ఏడవలేదు, ఆయన గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఏడవలేదు, ఇంట్లో ఒకరైనా నిలబడాలి కదా అనుకున్నాను. ఇప్పుడు నుదురు ఆ ఇత్తడికి ఆనించి, ఎవరు చూస్తే నాకేం అని ఏడ్చాను.

కోడలు వచ్చి పక్కన నిలబడింది. నా చేతుల వైపు చూసింది.

"పై చేయి ఇంకాస్త పైకి పెట్టండి అత్తయ్యా" అంది. "బొటనవేలు కూడా చుట్టండి. బరువు ఆగుతుంది."

పెట్టాను. ఆగింది.